ఆడపిల్ల ఈడేరడం: లెక్క ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

మన ఇళ్లలో ఆడపిల్ల ఈడు లెక్క పెద్దమనిషి అయిన రోజు నుంచే మొదలవుతుంది. ఆ రోజు మేనమామకు కబురు వెళ్తుంది, చిమ్మిలి దంచుతారు, ఓణీల ఫంక్షన్‌కు ముహూర్తం చూస్తారు. అప్పటిదాకా ఆ పిల్ల ఒంట్లో వస్తున్న మార్పుల గురించి ఎవరూ మాట్లాడుకోరు. తల్లి గమనించినా పైకి అనదు. శరీరం లెక్క మాత్రం వేరుగా ఉంటుంది. మొదటి నెలసరి వచ్చేనాటికి ఈడేరడం మొదలై సుమారు రెండు, రెండున్నర ఏళ్లు గడిచిపోయి ఉంటాయి. ఎత్తు బాగా పెరిగే కాలం కూడా దాటిపోయి ఉంటుంది. ఆ తర్వాత చాలామంది ఆడపిల్లలు మహా అయితే మరో 5 నుంచి 7 సెంటీమీటర్లు పెరుగుతారు.

ఈ రెండు లెక్కల మధ్య తేడా వల్లే చాలా కుటుంబాలు డాక్టర్ దగ్గరికి ఆలస్యంగా వెళ్తాయి. రెండో తరగతిలోనే ఛాతీ దగ్గర మార్పు కనబడిన పిల్లను, నాలుగో తరగతిలో నెలసరి వచ్చేశాక తీసుకెళ్లి "ఎత్తు పెరగడానికి ఏమైనా మందు ఉందా?" అని అడుగుతారు. చేయగలిగింది చాలావరకు అప్పటికే చేజారిపోయి ఉంటుంది. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పరిస్థితీ ఉంది. పద్నాలుగేళ్లు వచ్చినా ఏ మార్పూ లేని పిల్లను "వాళ్లమ్మ కూడా లేటుగానే అయింది" అనుకుంటూ పదహారు, పదిహేడు దాకా ఇంట్లోనే ఉంచేస్తారు. నెలసరి ఎప్పుడొచ్చిందన్న ఒక్క తేదీనే చూస్తే ఈ రెండు సమస్యలూ కనబడవు. మార్పులు ఏ వయసులో మొదలయ్యాయి, ఏ వరుసలో వచ్చాయి, ఎంత వేగంగా నడుస్తున్నాయి అన్నవే చూడాలి.

ఒంట్లో జరిగేది ఏమిటి?

ఈడేరడం అండాశయాల్లో మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. మొదలయ్యేది మెదడులో. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే చిన్న భాగం జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను విడతలు విడతలుగా వదులుతుంది. దాన్ని అందుకున్న పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి పంపిస్తుంది. అవి అండాశయాలను తాకితే ఈస్ట్రోజెన్ తయారవుతుంది. రొమ్ములు పెరగడం, గర్భసంచి పెద్దదవడం, ఎముకలు సాగడం, తుంటి, తొడల దగ్గర కొవ్వు చేరడం అన్నీ ఈస్ట్రోజెన్ పనులే.

ఈ ఏర్పాటంతా పుట్టిన కొద్ది నెలల్లోనే ఒకసారి పనిచేసి చూపిస్తుంది. అందుకే కొందరు పసిపిల్లలకు ఛాతీ కాస్త ఉబ్బి కనబడుతుంది. తర్వాత మెదడే దాన్ని కొన్నేళ్లపాటు అణిచి ఉంచుతుంది. మళ్లీ ఎప్పుడు వదలాలో ఎలా తెలుసుకుంటుందన్నది చాలాకాలం అంతుచిక్కలేదు. 2003లో ఫ్రాన్స్, అమెరికాలకు చెందిన రెండు పరిశోధక బృందాలు, అసలు ఈడేరని మనుషులున్న కుటుంబాలను పరిశీలిస్తూ కిస్‌పెప్టిన్ అనే పదార్థం పాత్రను బయటపెట్టాయి. జీఎన్‌ఆర్‌హెచ్ కణాలను కదిలించేది ఇదేనని తేలింది. 1994లో కనుగొన్న లెప్టిన్ అనే హార్మోన్ కొవ్వు కణాల నుంచి వస్తుంది. ఒంట్లో నిల్వ ఎంత ఉందో మెదడుకు తెలిపేది ఇది. బొద్దుగా ఉన్న పిల్లల్లో మార్పులు కాస్త ముందుగా రావడానికీ, తిండి చాలని పిల్లల్లో ఆలస్యం కావడానికీ దీనితో సంబంధం ఉంది.

ఇక బయటికి కనబడే వరుస. ఎక్కువమంది ఆడపిల్లల్లో మొదటి గుర్తు రొమ్ము మొగ్గ. చనుమొన కింద చిన్న బిళ్లలా గట్టిగా చేతికి తగులుతుంది, నొక్కితే నొప్పి పుడుతుంది. స్కూల్ బ్యాగు పట్టీ రాసుకున్నా, ఆటలో మోచెయ్యి తగిలినా పిల్ల "అమ్మా, ఇక్కడ నొప్పి" అంటుంది. చాలాసార్లు ఇది ముందు ఒకవైపే వస్తుంది. రెండోవైపు రావడానికి ఆరు నెలల దాకా కూడా పట్టవచ్చు. అక్కడే తల్లికి గుండె ఆగినంత పనవుతుంది. ఒకవైపే గడ్డ, పైగా నొప్పి, క్యాన్సరేమో అన్న భయం. ఎనిమిది, పన్నెండేళ్ల మధ్య పిల్లల్లో ఇలాంటిది దాదాపు ఎప్పుడూ మామూలు ఎదుగుదలే. ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. ఈ మొగ్గను గడ్డ అనుకుని కోసి తీయించకూడదు, ముక్క తీసి పరీక్షకు పంపించకూడదు. రొమ్మంతా పెరగాల్సింది ఆ చిన్న బిళ్ల నుంచే. దాన్ని తీసేస్తే ఆ వైపు రొమ్ము జీవితాంతం ఎదగదు. ఎవరైనా ఆపరేషన్ అంటే ముందు పిల్లల హార్మోన్ల డాక్టర్‌కు, అంటే ఎండోక్రినాలజిస్టుకు, చూపించండి.

బొద్దుగా ఉన్న పిల్లల్లో ఇంకో చిక్కు ఉంది. ఛాతీ మీద కనబడేది కొవ్వా, నిజంగా రొమ్మా అన్నది కంటికి తెలియదు. పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి చనుమొన కింద వేళ్లతో మెల్లగా చూస్తే కొవ్వు మెత్తగా జారిపోతుంది, రొమ్ము మొగ్గ గట్టిగా అంచుతో సహా తెలుస్తుంది. ఫొటో పంపి ఫోన్‌లో అడిగితే ఏ డాక్టరూ సరిగ్గా చెప్పలేకపోవడానికి కారణం ఇదే. ఈ పరీక్ష తల్లి పక్కన ఉండగా, ఏం చేస్తున్నారో పిల్లకు ముందే చెప్పి, ఆమె సరే అన్నాక చేయాలి.

చంకల్లో, కింద వెంట్రుకలు రావడం, చెమట వాసన మారడం, మొటిమలు రావడం మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల వల్ల జరుగుతుంది. అవి అండాశయాలతో సంబంధం లేకుండా తమ సమయానికి తాము మేలుకుంటాయి. అందుకే ఏడేళ్ల పిల్లకు చెమట వాసన వచ్చినంత మాత్రాన ఈడేరడం మొదలైందని కాదు. ఈలోగా ఎత్తు పెరిగే వేగం మారుతుంది. అంతకుముందు ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరిగే పిల్ల, రొమ్ములు పెరుగుతున్న ఆ మధ్యకాలంలో ఏడాదికి 8 సెంటీమీటర్ల దాకా సాగుతుంది. గౌన్లు పొట్టివైపోతాయి, చెప్పుల సైజు మారిపోతుంది. నెలసరి రావడానికి కొన్ని నెలల ముందు నుంచి తెల్లబట్ట కూడా కనబడుతుంది. దురద, చెడు వాసన లేకపోతే అది జబ్బు కాదు. ఈస్ట్రోజెన్ పనిచేస్తోందనడానికి అది గుర్తు, నెలసరి దగ్గర్లో ఉందనీ అర్థం. పిల్ల చేతికి ప్యాడ్ ఇచ్చి, ఎలా వాడాలో చూపించాల్సిన సమయం అదే.

8, 13, 15 అనే అంకెలు

రొమ్ము మొగ్గ 8 ఏళ్లు నిండకముందే వస్తే తొందరగా వచ్చినట్టు. 13 నిండినా రాకపోతే ఆలస్యమైనట్టు. నెలసరి 10 ఏళ్లలోపే వస్తే పరీక్ష చేయించాలి. 15 నిండినా రాకపోయినా, రొమ్ము మొగ్గ వచ్చి మూడేళ్లు దాటినా రాకపోయినా చూపించాలి. ఇవి ప్రపంచమంతటా డాక్టర్లు వాడే హద్దులు.

వీటికి పునాది వేసింది ఇంగ్లండ్‌లో జేమ్స్ టానర్ అనే పిల్లల వైద్యుడి పని. ఆయనా, ఆయన సహచరుడు మార్షల్ కలిసి, ఒక పిల్లల వసతిగృహంలో పెరుగుతున్న 192 మంది ఆడపిల్లల ఎదుగుదలను ఏళ్ల తరబడి నమోదు చేసి 1969లో ప్రచురించారు. రొమ్ముల ఎదుగుదలను ఒకటి నుంచి అయిదు దశలుగా విడగొట్టిన ఆ పద్ధతినే ఇప్పటికీ టానర్ స్టేజింగ్ పేరుతో వాడుతున్నారు. మీ పిల్ల రిపోర్టులో "బి2", "బి3" అని రాసి ఉంటే అర్థం అదే. బి2 అంటే మొగ్గ దశ.

ఆ తర్వాత కాలం మారింది. అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసిన 2020 నాటి ఒక సమీక్ష ప్రకారం, 1977 నుంచి 2013 మధ్య రొమ్ము మొగ్గ కనబడే సగటు వయసు పదేళ్లకు సుమారు మూడు నెలల చొప్పున ముందుకు జరిగింది. నెలసరి వయసు మాత్రం అంతగా జరగలేదు. అంటే మొదలు ముందుగా వస్తోంది, నడక కాస్త నెమ్మదిగా సాగుతోంది. "ఈ కాలం పిల్లలు పదేళ్లకే అయిపోతున్నారు" అని నలుగురూ అనుకునే మాటలో కొంత నిజం ఉంది, కానీ అది మొత్తం నిజం కాదు. ఆ మాటను పట్టుకుని ఆరేళ్ల పిల్లలో వచ్చిన మార్పును కూడా "ఇప్పుడందరికీ ఇంతేలే" అని కొట్టిపారేయడమే నన్ను కలవరపెడుతుంది.

ఇలా ముందుగా రావడానికి కారణం ఏమిటని అడిగితే అందరి వేలూ బ్రాయిలర్ కోడి వైపే చూపిస్తుంది, దానికి హార్మోన్ ఇంజెక్షన్లు వేస్తారని. బ్రాయిలర్ కోడి ఆరు వారాల్లో అంత బరువు పెరిగేది తరతరాలుగా ఎంచి ఎంచి పెంచిన జాతి వల్ల, దానికి పెట్టే మేత వల్ల. ఇంజెక్షన్లతో కాదు. కోళ్లకు విచ్చలవిడిగా యాంటీబయాటిక్స్ వాడడం నిజంగా ఆందోళన పడాల్సిన సమస్యే, కానీ దానికీ ఈడేరడానికీ సంబంధం లేదు. గేదెలకు పాలు చేపడానికి ఆక్సిటోసిన్ సూది వేయడం తప్పుడు పని, చట్టానికీ విరుద్ధం. అయినా ఆక్సిటోసిన్ ఒక చిన్న ప్రొటీన్ ముక్క. కడుపులోకి వెళ్తే జీర్ణమైపోతుంది, పైగా అది ఈస్ట్రోజెన్ చేసే పని చేయదు. ఈ భయాలతో ఎదిగే పిల్లకు గుడ్డు, పాలు, మాంసం మానిపిస్తే రక్తహీనత రావడం తప్ప ఒరిగేదేమీ లేదు. గట్టిగా ఆధారం ఉన్న కారణం పిల్లల బరువు పెరగడం. ఆటలు తగ్గి, ఫోన్ ముందు కూర్చోవడం పెరిగి, ప్యాకెట్ తిండి ఎక్కువవడం. కోవిడ్ లాక్‌డౌన్ తర్వాత తొందరగా ఈడేరిన పిల్లలు ఆసుపత్రులకు ఎక్కువగా వస్తున్నారని ఇటలీ డాక్టర్లు, మన దేశంలో పుణె డాక్టర్లు రాశారు. అందుకు అసలు కారణం ఏదన్నది ఇంకా తేలలేదు.

తిండికీ ఈడుకూ సంబంధం ఎంత లోతైనదో చూపే అధ్యయనం ఒకటుంది, అది మన దేశపు పిల్లల గురించే. భారతదేశం నుంచి స్వీడన్ కుటుంబాలు దత్తత తీసుకున్న ఆడపిల్లలను అక్కడి పరిశోధకులు గమనించి 1991లో ఫలితాలు ప్రచురించారు. ఆ పిల్లల్లో నెలసరి మొదలైన మధ్యస్థ వయసు 11.6 ఏళ్లు. మన దగ్గర పెరిగిన పిల్లల కంటే, స్వీడన్ పిల్లల కంటే కూడా ఇది తక్కువ. చాలామంది ముందుగా ఈడేరి, పొట్టిగానే ఆగిపోయారు. పసితనంలో చాలీచాలని తిండి, ఆ తర్వాత ఒక్కసారిగా సమృద్ధి. ఈ మార్పు మెదడును తొందరపెడుతుందని పరిశోధకుల అంచనా.

తొందరగా వచ్చినప్పుడు

ఎనిమిదేళ్లలోపు కనబడే ప్రతి మార్పూ జబ్బు కాదు. ఏడాదిన్నర, రెండేళ్ల పసిదానికి ఛాతీ కాస్త ఉబ్బి, ఎత్తు పెరిగే వేగం మామూలుగానే ఉంటే అది చాలావరకు దానంతటదే తగ్గిపోతుంది. ఆరు, ఏడేళ్ల పిల్లకు వెంట్రుకలు, చెమట వాసన మాత్రమే ఉండి, రొమ్ముల్లో మార్పు లేకపోతే అది అడ్రినల్ గ్రంథుల తొందర. ఎక్కువసార్లు హాని ఉండదు. గొంతు మారడమో, ఒంటి మీద మగపిల్లల్లా వెంట్రుకలు పెరగడమో కనబడితే మాత్రం వెంటనే చూడాలి.

అసలైన తొందరలో రొమ్ములు నెలల వ్యవధిలో పెరుగుతూ ఉంటాయి, దానితోపాటు ఎత్తు కూడా దూసుకుపోతుంది. తల్లిదండ్రులను మోసం చేసేది ఈ ఎత్తే. క్లాసులో అందరికంటే పొడుగ్గా ఉంటే సంతోషపడతాం. కానీ ఎముకల చివర ఎదుగుదలకు ఉన్న ఖాళీని మూసేసేది కూడా ఈస్ట్రోజెనే. ఏడేళ్లకు అందరికంటే పొడుగ్గా ఉన్న పిల్ల, పదకొండేళ్లకు పెరగడం ఆగిపోయి, పదిహేనేళ్లకు క్లాసులో అందరికంటే పొట్టిగా మిగలవచ్చు.

దీన్ని కనిపెట్టడానికి ఎడమచేతికి, మణికట్టుతో కలిపి, ఒక ఎక్స్‌రే తీస్తారు. వేళ్ల ఎముకల చివర సన్నటి నల్లని గీతలు కనబడతాయి. ఎముక ఇంకా పెరగడానికి మిగిలిన జాగా అదే. మణికట్టులో చిన్న ఎముకలు ఎన్ని ఏర్పడ్డాయి, ఆ గీతలు ఎంత మూసుకున్నాయి అన్నది ఒక ప్రామాణిక అట్లాసులోని బొమ్మలతో పోల్చి ఎముకల వయసు చెబుతారు. పిల్లకు ఏడేళ్లు, ఎముకలకు తొమ్మిదిన్నర అని వస్తే, రెండున్నరేళ్ల ఎదుగుదల ముందే ఖర్చయిపోయిందని అర్థం. దాంతోపాటు రక్తంలో ఎల్‌హెచ్ పరీక్ష, పొత్తికడుపు స్కానింగ్ చేస్తారు. ఎల్‌హెచ్ పెరిగి ఉంటే ఆదేశం మెదడు నుంచే వస్తోందని తెలుస్తుంది. మామూలు పరీక్షలో తేలకపోతే ఒక సూది వేసి, గంటల వ్యవధిలో మళ్లీ రక్తం తీసి చూస్తారు.

మెదడు నుంచే వచ్చే తొందరకు ఆడపిల్లల్లో, ముఖ్యంగా ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య, ఎక్కువమందిలో ఏ కారణమూ దొరకదు. ఆరేళ్లలోపు మొదలైతే మాత్రం ఎమ్మారై తప్పనిసరి. హైపోథాలమస్ దగ్గర పుట్టుకతో వచ్చిన చిన్న గడ్డ, మెదడులో నీరు చేరడం, చిన్నప్పుడు వచ్చిన మెదడువాపు లేదా టీబీ మెనింజైటిస్ ఇలాంటి తొందరకు కారణం కావచ్చు. తలనొప్పి, వాంతులు, చూపు మందగించడం తోడైతే ఒక్కరోజు కూడా ఆగకూడదు. కొన్ని కుటుంబాల్లో ఇది వంశపారంపర్యం. 2013లో గుర్తించిన ఎంకేఆర్‌ఎన్3 అనే జన్యువులో లోపం తండ్రి నుంచి వచ్చినప్పుడే పనిచేస్తుంది. కాబట్టి తల్లి ఎప్పుడు పెద్దమనిషి అయిందని అడిగితే చాలదు. నాన్నకు మీసం, గొంతు ఎప్పుడొచ్చాయి, మేనత్తలు ఎప్పుడు అయ్యారు అన్నదీ అడిగి తెలుసుకోవాలి.

మెదడు ప్రమేయం లేకుండా, అండాశయంలో నీటితిత్తి వల్లో, గడ్డ వల్లో ఈస్ట్రోజెన్ పెరగడం ఇంకో రకం. ఇందులో మార్పులు వరుస తప్పి వస్తాయి. ఒక్కోసారి రొమ్ములు సరిగా పెరగకముందే రక్తం కనబడుతుంది. అలా కనబడితే దెబ్బ తగిలిందా, లోపల ఏమైనా ఇరుక్కుందా, పిల్ల మీద ఎవరైనా అఘాయిత్యం చేశారా అన్నది కూడా డాక్టర్ అడుగుతారు. ఆ ప్రశ్నకు కోపం తెచ్చుకోవద్దు. అడగకపోతేనే తప్పు.

థైరాయిడ్ సంగతి విడిగా చెప్పాలి. థైరాయిడ్ బాగా తగ్గిపోయి ఏళ్ల తరబడి వైద్యం అందని పిల్లల్లో కొందరికి రొమ్ములు పెరుగుతాయి, నెలసరి కూడా వస్తుంది, అండాశయాల్లో పెద్ద నీటితిత్తులు కనబడతాయి. కానీ పిల్ల ఎత్తు పెరగదు, ఎముకల వయసు వెనకబడి ఉంటుంది. తొందరగా ఈడేరుతున్న పిల్ల పొడుగు సాగకపోతే ముందు చేయించాల్సింది థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష. రోజూ పరగడుపున వేసుకునే థైరాక్సిన్ మాత్రతో ఇదంతా వెనక్కి వెళ్తుంది. ఇది తెలియక ఆ తిత్తులకు ఆపరేషన్ చేయించడం అన్యాయం.

మెదడు నుంచి వచ్చే తొందరను ఆపడానికి ఇచ్చే మందు లూప్రోలైడ్ లేదా ట్రిప్టోరెలిన్. అది జీఎన్‌ఆర్‌హెచ్‌కు నకలే. ఆపాల్సిన హార్మోన్‌నే ఇస్తే ఎలా ఆగుతుందన్న సందేహం రావడం సహజం. మెదడు ఆ హార్మోన్‌ను గంటకో, గంటన్నరకో ఒకసారి తలుపు తట్టినట్టు వదిలితేనే పిట్యూటరీ పలుకుతుంది. ఆగకుండా బాదుతూనే ఉంటే పలకడం మానేస్తుంది. 1978లో కోతుల మీద ప్రయోగాల్లో ఈ సంగతి తేలింది. మూడేళ్లలోనే, 1981లో, తొందరగా ఈడేరిన పిల్లలకు ఈ వైద్యం మొదలైంది. నెలకో, మూడు నెలలకో ఒక ఇంజెక్షన్ వేస్తారు. మొదటి డోసు తర్వాత కొద్ది రోజులు మార్పులు ఇంకాస్త పెరిగినట్టు అనిపించవచ్చు, కొందరికి కాస్త రక్తం కనబడవచ్చు. తర్వాత అన్నీ నెమ్మదిస్తాయి. పదకొండు, పన్నెండేళ్లకు ఆపేస్తే సగటున ఏడాది, ఏడాదిన్నరలో నెలసరి మొదలవుతుంది. "రేపు పెళ్లయ్యాక పిల్లలు పుట్టరేమో" అనే నాయనమ్మ భయానికి ఆధారం లేదు. నలభై ఏళ్లకు పైగా వాడిన అనుభవంలో సంతానానికి ఆటంకం కనబడలేదు.

అయితే ఈ ఇంజెక్షన్ అందరికీ అవసరం లేదని కూడా అంతే గట్టిగా చెప్పాలి. ఆరేళ్లలోపు మొదలైన పిల్లలకు ఎత్తులో ఎక్కువ లాభం ఉంటుంది. ఏడున్నరకు మొదలై నెమ్మదిగా నడుస్తుంటే మూడు నుంచి ఆరు నెలలు కొలతలు తీసుకుంటూ ఆగి చూడడమే చాలాసార్లు సరైన పని. ఎనిమిది దాటాక మొదలైన పిల్లకు ఎత్తు కోసమని ఈ మందు వాడితే పెద్దగా ఒరగదు. ఖర్చు మాత్రం బాగా అవుతుంది. మొదటి రోజే, ఎముకల వయసు కూడా చూడకుండా ఇంజెక్షన్ రాస్తే ఇంకో డాక్టర్‌ను అడగండి. నాన్న 168 సెంటీమీటర్లు, అమ్మ 155 అనుకుంటే, రెండూ కలిపి అందులోంచి 13 తీసేసి సగం చేస్తే 155 వస్తుంది. అటూ ఇటూ ఏడెనిమిది సెంటీమీటర్ల తేడాతో ఆ పిల్ల చేరగల ఎత్తు అది. ఎముకల వయసును బట్టి వేసిన అంచనా అంతకంటే ఎంత తగ్గిందో చూసుకుని నిర్ణయించుకోవాలి.

ఎత్తు ఒక్కటే సమస్య కాదు. మూడో తరగతి పిల్ల ఒళ్లు ఆరో తరగతి పిల్లలా ఉంటే, చుట్టూ ఉన్నవాళ్లు ఆమెతో పెద్దపిల్లతో మాట్లాడినట్టే మాట్లాడతారు, చూపులూ మారతాయి. "ఇంత పెద్దదానివి, ఏడుస్తావేంటి?" అంటారు. ఆమె బుద్ధి ఎనిమిదేళ్లదే. ఇలాంటి పిల్లకు ఏం జరుగుతోందో ఆమె వయసు మాటల్లో చెప్పాలి, ఎవరైనా ముట్టుకుంటే ఇంట్లో చెప్పమని ధైర్యం ఇవ్వాలి. నెలసరి తొమ్మిదేళ్లకే వచ్చిన పిల్లకు ఫంక్షన్ చేసి, ఊరందరికీ ఆ సంగతి తెలిసేలా ఫ్లెక్సీ కట్టడం నాకైతే ఏమాత్రం ఇష్టం లేదు. క్లాస్ టీచర్‌కు ఒక్కమాట చెప్పి, బ్యాగులో ప్యాడ్లు పెట్టి, బాత్‌రూమ్‌కు అడగ్గానే పంపేలా చూడడం ఆ పిల్లకు ఎక్కువ పనికొస్తుంది.

ఆలస్యమైనప్పుడు

పదమూడు నిండినా రొమ్ము మొగ్గ కూడా రాకపోతే మొదటి ప్రశ్న పిల్ల ఎంత తింటోంది, ఏం జబ్బు ఉంది అన్నది. దీర్ఘకాలపు విరేచనాలు, గోధుమ పడని సీలియాక్ జబ్బు, టీబీ, మూత్రపిండాల జబ్బు, సన్నబడాలని తిండి మానేయడం, రోజుకు గంటల తరబడి కఠినమైన క్రీడాశిక్షణ అన్నీ మెదడును ఆపి ఉంచుతాయి. తలసీమియాతో నెల నెలా రక్తం ఎక్కించుకునే పిల్లల్లో ఇనుము పిట్యూటరీలో పేరుకుపోయి ఈడేరడం ఆగిపోతుంది. వాళ్లకు ఇనుమును తీసేసే మందులు క్రమం తప్పకుండా వాడాలనడానికి ఇది కూడా ఒక కారణం.

"మా వంశంలో లేటే" అన్నది మగపిల్లల్లో ఎక్కువగా నిజమవుతుంది. ఆడపిల్లల్లో అంతగా కాదు. అందుకే ఆడపిల్లల ఆలస్యాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మన దగ్గర ఎక్కువగా చేజారిపోయేది టర్నర్ సిండ్రోమ్. రెండు ఎక్స్ క్రోమోజోములకు బదులు ఒకటే ఉండడం, లేదా రెండోదానిలో కొంత భాగం లేకపోవడం. సుమారు 2,000 నుంచి 2,500 మంది ఆడపిల్లల్లో ఒకరికి ఇలా ఉంటుంది. పుట్టినప్పుడు చేతులు, పాదాలు ఉబ్బి ఉండడం, మెడ వెడల్పుగా ఉండడం కొందరిలో కనబడుతుంది. కొందరిలో పొట్టిగా ఉండడం తప్ప ఏ గుర్తూ ఉండదు. చాలామందిలో తెలివితేటలు మామూలుగానే ఉంటాయి, అందుకే ఎవరికీ అనుమానం రాదు. అమ్మానాన్నల ఎత్తును బట్టి చూసినా పిల్ల బాగా పొట్టిగా ఉంటే, ఆరేడేళ్లకే క్రోమోజోములను చూసే కారియోటైప్ అనే రక్తపరీక్ష చేయించాలి. చిన్నప్పుడే తెలిస్తే గ్రోత్ హార్మోన్‌తో ఎత్తు పెంచవచ్చు, గుండెలో, బృహద్ధమనిలో లోపాలు ఉన్నాయేమో చూడవచ్చు, పదకొండు, పన్నెండేళ్లకు ఈస్ట్రోజెన్‌ను చాలా తక్కువ డోసులో మొదలుపెట్టి రెండు మూడేళ్లలో మెల్లగా పెంచవచ్చు. పదిహేడేళ్లకు తెలిస్తే ఎత్తు విషయంలో చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

రొమ్ములు చక్కగా పెరిగి, నెలసరి ఒక్కటే రాకపోతే కథ వేరు. నెలకోసారి మూడు నాలుగు రోజులు పొత్తికడుపులో నొప్పి వచ్చి తగ్గుతోందా అని అడగాలి. వస్తోందంటే నెలసరి అవుతోంది కానీ రక్తం బయటికి రావడానికి దారి లేదు. యోనిద్వారం దగ్గర పొర పూర్తిగా మూసుకుని ఉండడమే చాలాసార్లు కారణం. కొందరు పిల్లలు మూత్రం ఆగిపోయి ఎమర్జెన్సీకి వస్తారు. చిన్న ఆపరేషన్‌తో సరిపోతుంది. "కన్నెరికం పోతుంది" అని దాన్ని వాయిదా వేస్తే రక్తం లోపలే పేరుకుని గర్భసంచి, అండనాళాలు దెబ్బతినవచ్చు. నొప్పి కూడా లేకపోతే స్కానింగ్‌లో గర్భసంచి ఉందా అని చూస్తారు. సుమారు 4,500 నుంచి 5,000 మందిలో ఒకరికి పుట్టుకతోనే గర్భసంచి ఏర్పడదు, అండాశయాలు మాత్రం మామూలుగా పనిచేస్తాయి. మరికొందరిలో క్రోమోజోములు మామూలుగా మగవాళ్లలో ఉండే ఎక్స్‌వై అని తేలుతుంది. ఈ మాటలు పదహారేళ్ల పిల్లకు ఎలా చెప్పాలో తెలిసిన డాక్టర్, పక్కన కౌన్సెలర్ ఉండాలి. బంధువులకు చెప్పాలా వద్దా అన్నది ఆ పిల్ల ఇష్టం. దాచిపెట్టి పెళ్లి చేసేయడం ఆమెకు చేసే ద్రోహం.

నెలసరి మొదలయ్యాక

మొదటి రెండు మూడేళ్లు నెలసరి క్రమం తప్పడం సహజం. 21 రోజుల నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా సరేననుకోవచ్చు. మూడు నెలలు దాటినా రాకపోతే, ఏడు రోజులకు మించి ఆగకపోతే, గంటకో రెండు గంటలకో ప్యాడ్ తడిసిపోతుంటే చూపించాలి. మొదటి నెలసరి నుంచే విపరీతంగా రక్తం పోయే పిల్లల్లో కొందరికి రక్తం గడ్డకట్టే లోపం ఉంటుంది. పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం రావడం, ముక్కులోంచి రక్తం కారడం, చిన్న దెబ్బకే ఒళ్లు కమిలిపోవడం చిన్నప్పటి నుంచీ ఉన్నాయా అని గుర్తు చేసుకోండి. వాన్ విల్లిబ్రాండ్ అనే జబ్బు చాలామందిలో బయటపడేది ఇలాగే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను పిల్లలు కిటికీలోంచి పారేయకుండా చూడాలి. పరగడుపున కాకుండా అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. టీతో మాత్రం వేసుకోకూడదు.

ఇక పీసీఓడీ, అంటే హార్మోన్ల తేడా వల్ల నెలసరి తప్పే సమస్య. దీన్నే పీసీఓఎస్ అని కూడా అంటారు. పద్నాలుగేళ్ల పిల్లకు రెండు నెలలు నెలసరి తప్పిందని స్కానింగ్ తీయిస్తారు, "అండాశయాల్లో నీటిబుడగలు ఉన్నాయి" అని రిపోర్టు వస్తుంది, ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. ఆ వయసులో చాలామంది ఆరోగ్యవంతులైన పిల్లల అండాశయాలు స్కానింగ్‌లో అలాగే కనబడతాయి. అందుకే నెలసరి మొదలై ఎనిమిదేళ్లు అయ్యేదాకా స్కానింగ్ ఆధారంగా పీసీఓఎస్ అని తేల్చకూడదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. గడ్డం, పెదవి పైన ముదురు వెంట్రుకలు, ఎంతకూ తగ్గని మొటిమలు, మెడ వెనక నల్లని చార, పెరుగుతున్న బరువు, వీటితోపాటు నెలసరి తప్పుతూ ఉంటే అప్పుడు రక్తపరీక్షలు చేయించి చూడాలి. అవేవీ లేని పిల్లకు రిపోర్టులో ఒక్క మాట చూసి హార్మోన్ మాత్రలు మొదలుపెట్టేముందు, ఒక చిన్న డైరీలో ఆరు నెలల నెలసరి తేదీలు రాయించండి. మొదటి రోజు తేదీ, ఎన్ని రోజులు ఉంది, రోజుకు ఎన్ని ప్యాడ్లు. దాని పక్కనే ప్రతి ఆరు నెలలకూ ఎత్తు, బరువు కూడా రాస్తే, మూడు స్కానింగులు చెప్పలేని సంగతి ఆ పేజీ డాక్టర్‌కు చెబుతుంది.